ఈ ఆదివారంతో సరి

మట్టి శాస్త్రజ్ఞుల సంఘంలో ఫలానా పదవి నాకు కావాలని అడిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. అడగకపోయినా నెత్తిన పడుతుంది, అది వేరే సంగతి. అక్కడొక ఆచారం ఉంది. నిబంధనావళిలో ఎక్కడా రాసి లేదు, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు, అయినా ఏటా తు.చ. తప్పకుండా నడుస్తుంది. వార్షిక సమావేశానికి ఎవరు రాకపోతే పదవి వాళ్ళకే. రానివాడు వద్దనలేడు కదా, అదీ అందులో ఉన్న సుళువు. ఒకరు పేరు చెబుతారు, ఇంకొకరు బలపరుస్తారు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు, సాయంత్రం ఆ అభాగ్యుడికి ఫోను చేసి అభినందనలు చెబుతారు.

అందుకే మిగతా సంఘాలవాళ్ళు సభ్యులు రావడం లేదని నెత్తీ నోరూ బాదుకుంటుంటే, ఇక్కడ కుర్చీలు చాలవు. జ్వరంతో వస్తారు, కాలికి సిమెంటు కట్టుతో వస్తారు. పోయినసారి ఒకాయన రైలు దిగి, పెట్టె ఇంట్లో పడేయడానికి కూడా వెళ్ళకుండా తిన్నగా హాలుకే వచ్చాడు. ఎన్నికల అంశం నడుస్తున్నంతసేపు మంచినీళ్ళకని లేచేవాడుండడు. నేలల పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీసిన పెద్దమనుషులు, ప్రయోగశాలలు నడిపే మహానుభావులు, బడిపిల్లల్లా ఉగ్గబట్టుకుని కూర్చుంటారు. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఆ సంఘం కార్యదర్శికి మాత్రం నవ్వు రావడం మానేసి చాలా కాలమైంది.

ఆమెకు ఆ పదవి అంటగట్టిందీ అలాగే. ఆ రోజు ఆమె భర్తను స్కానింగుకు తీసుకెళ్ళింది. సర్వే కార్యాలయంలో పటాలు గీసి గీసి పదవీ విరమణ చేసిన మనిషి, ఏ ఊరి సరిహద్దు ఎక్కడ వంకర తిరుగుతుందో చూడకుండా చెప్పగలిగినవాడు, పాలకని వెళ్ళి తమ వీధి ఏదో తెలియక కూడలిలో నిలబడిపోయాడు. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. మెల్లగా అన్నీ చెరిగిపోతాయన్నాడు. ఆ మాట ఇంకా మింగుడు పడక ఆమె బయట బల్ల మీద కూర్చుని ఉండగా ఫోను మోగింది. సంఘం అధ్యక్షుడు. "అభినందనలమ్మా, ఏకగ్రీవం," అన్నాడు.

ఆ అధ్యక్షుణ్ణి వెనకాల అందరూ సున్నం సారు అంటారు. పులుపెక్కిన నేలకు సున్నం చల్లితే ఆ పులుపు విరిగినట్టు, ఎంత ఘాటైన గొడవనైనా తీయటి మాటలతో విరిచేస్తాడని ఆ పేరు పెట్టారు. ఆయన తీయదనం ముందు ఆమె ఆ రోజు నోరు మెదపలేకపోయింది. ఒక్క ఏడాదే కదా అన్నాడు. సమావేశం మానేవాళ్ళెవరూ లేక, ఆ ఏడాది తర్వాత ఇంకో ఏడాది, దాని తర్వాత ఇంకోటి. పగలంతా భూసార పరీక్షా కేంద్రంలో ఉద్యోగం, సాయంత్రాలు సంఘానికి ఊడిగం. పత్రిక అచ్చుతప్పులు దిద్దాలి, అలిగిన సంపాదకుణ్ణి బుజ్జగించాలి, హాలు పైకప్పు కారి మట్టి నమూనాల మీద నీళ్ళు పడుతున్నాయంటే పరుగెత్తాలి. జీతం లేదు, బత్తెం లేదు, పోనీ ఒక మంచి మాట ఉందా అంటే అదీ లేదు.

ఆమె అటు పరుగెడుతుంటే ఇటు ఇంట్లో మనిషి కొంచెం కొంచెంగా కరిగిపోతున్నాడు. మొదట వీధులు పోయాయి. తర్వాత తోడబుట్టిన అక్క పేరు పోయింది. తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకోవడం పోయింది. ఒక్కటి మాత్రం పోలేదు. ఆమె పరిశోధన చేసే రోజుల్లో నేలల పటం గీయించుకోవడానికి పొలాల నుంచి బురద కాళ్ళతో సర్వే కార్యాలయానికి వచ్చేది. "ఇదిగో, మట్టిపిల్ల వచ్చింది" అని అప్పుడు పెట్టిన పేరు. పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. సాయంత్రం ఆమె అడుగుల చప్పుడు వినపడితే చాలు, "మట్టిపిల్లా, వచ్చావా" అంటాడు. అదొక్కటీ మిగిలింది. అది కూడా పోతుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఎప్పుడో చెప్పలేననీ, ఉన్నన్నాళ్ళు దగ్గరుండమనీ అన్నాడు.

ఆమెకు కావలసింది ఆ సాయంత్రాలే. ఆయనకు తాను తెలిసి ఉన్న ఆ కాసిని సాయంత్రాలు. వాటి కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. రెండుసార్లు రాజీనామా ఇచ్చింది. సర్వసభ్య సమావేశం ఒప్పుకుంటే గాని చెల్లదమ్మా, నిబంధన అలా ఏడ్చింది, ఏం చేస్తాం అంటూ సున్నం సారు రెండుసార్లూ దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. తమ్ముణ్ణి చూసుకోవడానికి వచ్చి ఉంటున్న వదిన మాత్రం, వాళ్ళ మొహాన కొట్టి రావే, నీ మట్టి సంఘం మట్టిగొట్టుకుపోను అని రోజూ తిట్టేది. కొట్టి రావచ్చు. కానీ కార్యదర్శి సంతకం లేనిదే పత్రిక అచ్చుకు పోదు. ఆ పత్రికలో వ్యాసం పడితే గాని పరిశోధన పట్టా చేతికి రాని పిల్లలు ఎంతమందో ఉన్నారు. వాళ్ళ ఉసురు పోసుకోవడం ఆమె వల్ల కాలేదు. పద్ధతిగా ఇంకొకరికి అప్పజెప్పి బయటపడాలి, అంతే.

ఆ అప్పజెప్పే రోజు ఈ ఆదివారం. ఏమైనా సరే ఈ ఆదివారంతో సరి, సోమవారం నుంచి సాయంత్రాలన్నీ మీవే అని భర్తకు మాటిచ్చింది. ఏ పూట ఏం తిన్నాడో గుర్తుండని మనిషికి అది మాత్రం ఎలా గుర్తుందో ఏమో, రోజూ లేస్తూనే "ఆదివారం వచ్చిందా?" అని అడుగుతూ వచ్చాడు.

అంతటితో ఊరుకోలేదామె. ఎప్పటినుంచో కడుపులో రగులుతున్న మంటతో ఒక సవరణ కూడా రాసి చర్చాంశాల్లో పెట్టింది. ముందుగా ఒప్పుకోలు తీసుకోకుండా ఎవరినీ ఏ పదవికీ ఎన్నుకోకూడదు. తనలా ఇంకెవరూ ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఆ అభినందనలు వినకూడదని ఆమె పంతం.

ఆదివారం ఉదయం ఆమె బయలుదేరుతుండగా వానపాముల అమ్మాయి ఫోను చేసింది. సంఘంలో అందరికంటే చిన్నది, వానపాముల మీద పరిశోధన చేస్తోంది కాబట్టి ఆ పేరు. తెల్లవారుజామున వాళ్ళ నాన్నకు మూతి వంకరపోయి మాట పడిపోయిందట. ఆసుపత్రిలో చేర్చి ఒక్కతే కూర్చుని ఉందట. ఏడుపు ఆపుకుంటూ, తాను రాలేననీ, రాకపోతే ఏమవుతుందో తెలుసు కదా అనీ అంది. కార్యదర్శి గుండె తరుక్కుపోయింది.

"నేనున్నానుగా అమ్మాయ్. నీ పేరు ఎత్తనిస్తానా? నువ్వు నిశ్చింతగా మీ నాన్నగారిని చూసుకో," అంది.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. తర్వాత జరిగినదంతా విన్నాక కూడా ఆ సంగతి మాత్రం మరిచిపోకూడదు.

హాలు యథాప్రకారం కిటకిటలాడుతోంది. గోడల వెంట అద్దాల పెట్టెల్లో నిలువుగా కోసి పెట్టిన మట్టి నమూనాలు, పైన నలుపు, కింద ఎరుపు, అడుగున రాయి. వాటి కింద వరసగా సభ్యులు. పోయిన ఏటి తీర్మానాలు చదివారు. సున్నం సారు నివేదిక చదవడం మొదలుపెట్టి, నేల తల్లి గొప్పదనం దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు. ఆమెకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. అంతలో చేతిలో ఫోను వణికింది. ఇంటి నుంచే. లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఒక కాలు మాత్రం హాలు లోపలే ఉంచి మాట్లాడింది. అక్కడ అది మామూలే, ఎవరూ నవ్వలేదు.

"మట్టిపిల్లా, అయిపోయిందా?" అన్నాడు ఆయన. గొంతు తేటగా ఉంది, ఈ మధ్య ఎప్పుడూ అంత తేటగా లేదు.

"ఇంకాసేపేనండి."

"ఇవాళ ఆదివారమేగా?"

"ఆదివారమే."

"అయితే బూట్లేసుకుని ఉంటాను. నువ్వు రాగానే అలా నడిచొద్దాం. ఏరు పక్కన నల్లమట్టి చూపిస్తానన్నావు కదా."

పెళ్ళికి ముందెప్పుడో అన్న మాట అది. అప్పటికప్పుడు సంచీ తీసుకుని వెళ్ళిపోదామని కాళ్ళు లాగాయి. వెళ్ళిపోతే? ఎన్నిక ఇంకా కాలేదు. తాను గడప దాటిన మరుక్షణం ఆ హాల్లో లేని మనిషి తానవుతుంది. మళ్ళీ ఏడాది, మళ్ళీ సాయంత్రాలన్నీ గంగపాలు. ఇదొక్కటి అయిపోతే ఇక ఎప్పటికీ వెళ్ళక్కర్లేదు అనుకుని, వచ్చేస్తున్నానని చెప్పి మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

సవరణ వంతు వచ్చింది. ఆమె చదివింది. మొదట లేచింది నిబంధనల మాస్టారు. నిబంధనావళిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చుకునే ముసలాయన, పాపం కల్లాకపటం తెలియని మనిషి. చాలా న్యాయమైన సవరణ అని మెచ్చుకున్నాడు. ఎప్పుడో రావలసింది అన్నాడు. ఆ తర్వాత కళ్ళజోడు సవరించుకుని, సభ ఆమోదిస్తే ఇది ఈ క్షణం నుంచే అమలవుతుందని గుర్తుచేశాడు. అంటే ఇవాళ్టి ఎన్నికకు కూడా వర్తిస్తుంది. ఎవరూ ఒప్పుకోకపోతే ఏమిటంటే దానికీ ఒక నిబంధన ఉంది, కొత్తవారు దొరికేదాకా పాత కార్యదర్శే కొనసాగాలి. చెప్పి, తన కర్తవ్యం తీరినట్టు కూర్చున్నాడు.

రాసినప్పుడు ఆమెకు ఇది తట్టనే లేదు. తన గొయ్యి తానే తవ్వుకుంది.

సున్నం సారు హాలంతా కలయజూసి, కార్యదర్శి పదవికి ఎవరైనా ఇష్టపడి ముందుకొస్తారా అని అడిగాడు. ఒక్క చెయ్యి లేవలేదు. కొందరు బూట్ల వైపు చూసుకున్నారు, కొందరు ఫ్యాను వైపు. ఒకాయనకు అద్దాల పెట్టెలోని ఎర్రమట్టి మీద ఉన్నట్టుండి ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

ఆమె లేచి నిలబడింది. ఇన్నేళ్ళుగా ఆ హాల్లో సొంత విషయం ఎత్తని మనిషి, సిగ్గూ అభిమానం వదిలేసి మాట్లాడింది.

"మా ఆయన జబ్బు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆయనకి ఇంకా నేను తెలుస్తున్నాను. ఎన్నాళ్ళు తెలుస్తానో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఆ కాస్త కాలం నాకు కావాలి. ఒక్కరు, ఎవరో ఒక్కరు తీసుకోండి. పని నేర్పిస్తాను, దండం పెడతాను."

నిజంగానే చేతులు జోడించింది. హాలంతా అయ్యో అంది. చాలామంది నాలుక చప్పరించారు. వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఒకాయన లేచి, ఈ జబ్బుకు మంచి డాక్టరు తనకు తెలుసనీ, నంబరు ఇస్తాననీ చెప్పి కూర్చున్నాడు. చెయ్యి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ ఫోను. ఈసారి వదిన. మీ ఆయన బూట్లేసుకుని గేటు పట్టుకుని నిలబడ్డాడే, లోపలికి రమ్మంటే కసురుతున్నాడు, ఎండ మాడ్చేస్తోంది, నువ్వొస్తే గాని కదలనంటున్నాడు అని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఎన్నిక అవగానే బయల్దేరుతున్నానని ఆమె గుసగుసగా అంది. "తగలెయ్యవే నీ ఎన్నిక," అని వదిన పెట్టేసింది.

"నీ ఇష్టం తల్లీ," అన్నాడు సున్నం సారు వెన్న పూసినట్టు. "ధర్మమైన సవరణ. ఓటుకు పెట్టమంటే ఇప్పుడే పెడతాను. నువ్వే కొనసాగితే మాకంతకంటే ఏం కావాలి?"

వానపాముల అమ్మాయి గొంతు ఆమె చెవిలో వినిపిస్తోంది. దాని మీదుగా ఇంకో గొంతు, ఆదివారమేగా అంటోంది. ఆ రెంటిలో ఒకటే వినగలదు, ఇంకోదాని పీక తానే నొక్కాలి.

"సవరణ వెనక్కి తీసుకుంటున్నాను," అంది.

హాల్లో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఇక ఎన్నిక. రాలేకపోతున్నామని చెప్పినవారి పేర్లు చదవడం కార్యదర్శి పని. పేరు ఒక్కటే ఉంది. తండ్రికి బాగాలేక ఆసుపత్రిలో ఉండిపోయిందని ఆమె చదివింది. వినపడలేదు, మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది. కాలికి కట్టుతో వచ్చిన సభ్యుడు కూర్చున్నచోటి నుంచే ఆ అమ్మాయి పేరు ప్రతిపాదించాడు. యువరక్తం రావాలి అన్నాడు. ఇప్పుడు బలపరిచేవారు కావాలి.

ఎవరూ లేవలేదు. ఆసుపత్రి అన్న మాట విన్నాక వాళ్ళకీ ఎక్కడో కాస్త గుచ్చుకుంది కాబోలు. ఎవరైనా బలపరిస్తే బాగుండునని అందరూ ఎదురుచూస్తున్నారు. దిగిపోయే కార్యదర్శి బలపరిస్తే నిండుగా ఉంటుందని సున్నం సారు మెల్లగా అన్నాడు. అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి. నేనున్నానుగా అని పొద్దున అన్న మనిషి ఆమె. ఆ హాల్లో వద్దనగలిగినది ఆమె ఒక్కతే.

ఆమె చెయ్యి ఎత్తింది.

చప్పట్లు మోగాయి. నిబంధనల మాస్టారు వచ్చి ఆమె సేవలను కొనియాడుతూ ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు, సంచీ తీసుకుని మెట్లు దిగి బస్సు కోసం పరుగెత్తింది. దాక్కునేందుకు పరుగెత్తిందో, ఇంటికి చేరేందుకు పరుగెత్తిందో ఆమెకే తెలియదు. బస్సు కిటికీ పక్కన సీటు దొరికింది. పోనీలే, అమ్మాయి చిన్నది, ఒంట్లో ఓపికుంది, పైగా తాను సాయం చేస్తుంది అని నచ్చజెప్పుకోవడం మొదలుపెట్టింది. ఇలాంటి తీయటి మాటలే ఒకప్పుడు సున్నం సారు తనతో అన్నాడని గుర్తొచ్చి ఆపేసింది.

సగం దారిలో ఆ అమ్మాయే ఫోను చేసింది. ఆమె చూస్తూ ఉండిపోయి, ఆగిపోయేలోపు తీసింది.

"మేడమ్, అధ్యక్షుల వారు ఫోన్ చేశారు," అంది అమ్మాయి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు ఆ టైముకి బయటికెళ్ళారా? సార్‌కి ఏమైనా బాగాలేదా?"

తప్పించుకునే దారి ఆ పిల్లే చేతికి అందిస్తోంది. అవునంటే చాలు.

"లేదమ్మా," అంది ఆమె. "అక్కడే ఉన్నాను. బలపరిచింది నేనే."

అవతల ఆసుపత్రిలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న చప్పుడు వచ్చింది. "నాన్నని లోపలికి తీసుకెళ్తున్నారు మేడమ్," అని ఆ అమ్మాయి పెట్టేసింది.

ఇక ఏడుద్దామన్నా సమయం లేదు, దిగాల్సిన చోటు వచ్చేసింది. ఆమె వీధి మలుపు నుంచే ఇంటివైపు చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు. అమ్మయ్య, లోపలికి వెళ్ళాడు అనుకుంది. చేసిన పాపం ఎంతదైనా కానీ, మూట కట్టుకున్నందుకు ఆ సాయంత్రాలైనా దక్కాయి. ఇవాళ్టి సాయంత్రం కూడా ఇంకా మిగిలే ఉంది. ఏరు దాకా నడిపించుకెళ్ళొచ్చు. నల్లమట్టి చేతిలో పెట్టొచ్చు. కావాలనే కాస్త గట్టిగా అడుగులు వేస్తూ మెట్లెక్కింది.

లోపలి నుంచి పిలుపు రాలేదు.

వదిన గుమ్మంలో ఎదురై ఏదో చెప్పబోయి, నోరు మూసుకుని పక్కకు తప్పుకుంది. వదిన నోరు మూసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. ఆయన ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు బూట్లు, చొక్కా బొత్తాలన్నీ ఎవరో పెట్టారు, తల దువ్వి ఉంది. ఎండకు మొహం కందిపోయింది. ఆమెను చూసి మర్యాదగా లేచాడు.

"రండి," అన్నాడు.

పెళ్ళయిన నాటినుంచి ఆయన ఆమెను అలా మన్నించి పిలిచింది లేదు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేనండీ అంది. ఆయన తల ఊపాడు, అర్థమైందన్నట్టు.

"సంఘం తాలూకు వాళ్ళా? మా మట్టిపిల్ల ఇంట్లో లేదండి. మీటింగుకెళ్ళింది."

వెనక వదిన కొంగు నోట్లో కుక్కుకున్న చప్పుడు వినపడింది.

"ఇవాళ్టితో సరి అని చెప్పింది లెండి," అన్నాడు ఆయన. రహస్యం చెబుతున్నవాడిలా ముందుకు వంగి, మొహం నిండా సంతోషంతో. "రేపట్నుంచి సాయంత్రాలు నాతోనే ఉంటుంది. మీ పనులేమైనా ఉంటే ఇంకెవరికైనా చెప్పుకోండి, ఏమీ అనుకోకండి. వచ్చే టైమే. కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?"

ఎదురుగా, ఇంటికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ ఉంది. ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ దాంట్లో కూర్చోలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు అంచు మీద కూర్చుంది. ఆయన మళ్ళీ వాకిలి వైపు తిరిగి చెవులు రిక్కించాడు, అడుగుల చప్పుడు కోసం.

"సరేనండి," అంది ఆమె. "ఆవిడ వచ్చేదాకా ఉంటాను."